దోషమా, భేదమా? ఎల్లల తెలుగు పలుకును ధ్వనిశాస్త్రం ఎలా చూస్తుంది



నేను భాషాశాస్త్రం చదివినవాణ్ని కాను. న్యాయశాస్త్రం చదివి, నల్లకోటు తొడుక్కుని, అల్పసంఖ్యాక భాషలవారి అర్జీలు పట్టుకుని తిరిగేవాణ్ని. అటువంటివాడు ఈ రోజు ధ్వనులను గురించి, వాటిని కొలిచే యంత్రాలను గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి వింతగా ఉండవచ్చు. నాకు ఈ శాస్త్రంతో పరిచయం ఒక కాగితం మూలంగా కలిగింది. ముందు ఆ కాగితం సంగతి మనవి చేస్తాను.

నాలుగేళ్ల కిందట ఒక అమ్మాయి నా ఆఫీసుకు వచ్చింది. మన తాలూకా పల్లెపిల్ల. తెలుగులో ఎం.ఏ. పట్టా ఉంది, బి.ఇడి. ఉంది. దూరప్రాంతంలోని ఒక విద్యాసంస్థలో తెలుగు ఉపాధ్యాయ పదవికి మౌఖిక పరీక్షకు వెళ్లింది. ఒక గద్యభాగం చేతికిచ్చి చదవమన్నారట. మూడో వాక్యం దగ్గర "చాలమ్మా" అన్నారట. ఉద్యోగం రాలేదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ పెట్టించి, ఆమె మార్కుల కాగితం తెప్పించాను. విషయ పరిజ్ఞానానికి మంచి మార్కులే ఉన్నాయి. 'ఉచ్చారణ' అన్న గడిలో సున్నాకు కాస్త పైన ఒక అంకె, దాని పక్కన రెండు మాటలు: ఉచ్చారణ దోషం.

ఆ అమ్మాయి నన్ను అడిగింది ఒక్కటే. "అన్నా, కేసు వద్దు, ఏమీ వద్దు. నేను ఏ అక్షరం తప్పు పలికినానో కనుక్కుని చెప్పండి, దిద్దుకుంటాను."

నాకు నోటమాట రాలేదు. దొంగతనం మోపితే ఏ వస్తువు పోయిందో చెప్పాలి. ఆక్రమణ అంటే సర్వే నంబరు చెప్పాలి. దోషం అన్నవారు ఏ ధ్వని, ఎక్కడ, దేనితో పోలిస్తే దోషం అన్నది చెప్పవద్దా? మళ్లీ అర్జీ పెట్టాము. ఉచ్చారణకు మార్కులు వేయడానికి లిఖితపూర్వకమైన కొలబద్ద ఏదీ తమవద్ద లేదని జవాబు వచ్చింది. అప్పుడు నాకు పట్టుదల కలిగింది. కొలబద్ద వారివద్ద లేకపోతే పోనీ, లోకంలో ఎక్కడైనా ఉందేమో చూద్దామనుకున్నాను.

ఉంది. దాని పేరు ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రం. అది పుట్టిన కథలో మన ఇళ్ల కథ కనిపించింది గనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఫ్రాన్సులో షరాంత్ ప్రాంతంలో సెల్‌ఫ్రువాఁ అనే పల్లె ఉంది. (యానాం మిత్రులు నా ఫ్రెంచి ఉచ్చారణను క్షమించాలి. ఇక్కడ నిజంగానే దోషం ఉండవచ్చు.) ఆ ప్రాంతంనుంచి వచ్చిన రూస్లో అనే క్రైస్తవ గురువు 1891లో ఒక సిద్ధాంతగ్రంథం ప్రకటించాడు. అందులో ఆయన పరిశోధించినది మహాకవుల భాషను కాదు, పారిస్ నగర భాషను కాదు, ఒక కుటుంబం మాట్లాడే పల్లెభాషను. ఆ కుటుంబం ఆయన సొంత కుటుంబమే. బడిలో ఆ పల్లెనుడి మాట్లాడిన పిల్లలను అయ్యవార్లు శిక్షించే కాలం అది. అటువంటి నుడిని తెచ్చి యంత్రంముందు కూర్చోబెట్టాడాయన. మసి పూసిన కాగితం చుట్టిన పీపా ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మనిషి గొట్టంలో నోరు పెట్టి మాట్లాడితే గాలికి పలుచని పొర కదిలి, దానికి తగిలించిన సన్నని పుల్ల ఆ మసిమీద గీత గీస్తుంది. ముక్కు నుంచి వచ్చే గాలికి ఒక గీత, గొంతు కంపానికి మరొక గీత. నాలుక అంగిలిని ఎక్కడ తాకుతోందో తెలుసుకోవడానికి అంగిలికి సరిపోయే కృత్రిమ పలక చేయించి, దానిమీద పొడి చల్లి నోట్లో పెట్టి, ఒక మాట పలికించి, పొడి ఎక్కడ చెరిగిందో చూసేవారు. 1897లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఈ శాస్త్రానికి ప్రయోగశాల ఏర్పడింది.

ఇంట్లో ఒక తరానికీ మరొక తరానికీ పలుకు మారుతుందనీ, ఆ మార్పుకు క్రమం ఉంటుందనీ, ఆ క్రమాన్ని చెవితోనే గాక కంటితో కూడా చూడవచ్చుననీ రూస్లో చూపించాడు. ఆయన పీపా ఇప్పుడు వస్తుప్రదర్శనశాలకు చేరింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మాటను చిత్రంగా మార్చే యంత్రం తయారైంది. ఈనాడు ఆ పని చేసే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బూర్స్‌మా, వేనింక్ అనేవారు తయారుచేసిన దాని పేరు 'ప్రాట్'. డచ్చి భాషలో ఆ మాటకు మాట్లాడటమనే అర్థం. భాషాశాస్త్రం చెప్పే మిత్రుడొకరు పక్కన కూర్చుని నేర్పితే, నావంటివాడు కూడా రెండు ఆదివారాల్లో వాడుక నేర్చుకున్నాడు.

ఆ అమ్మాయిని మళ్లీ పిలిపించి, పరీక్షలో ఇచ్చిన గద్యభాగాన్నే చదివించి రికార్డు చేశాము. మిత్రుడు కూర్చుని మాట మాటా చూశాడు. ణకారానికీ నకారానికీ తేడా ఉంది. ళకారానికీ లకారానికీ తేడా ఉంది. ఈ రెండు తేడాలూ నడిగడ్డ తెలుగునాట కూడా ఎందరి నోళ్లలోనో కలిసిపోయి ఉన్నాయన్నది మీకు తెలుసు. 'ధర్మం'లో మహాప్రాణం ఉంది, 'దారి'లో లేదు. మరి తేడా ఎక్కడ? ఒకేచోట స్పష్టంగా కనిపించింది: 'వచ్చాడు', 'చెప్పాడు' వంటి క్రియల్లో.

ఈ సంగతి కొంచెం నిదానంగా వినండి. కోస్తా జిల్లాల వాడుకలో 'వచ్చాడు' అన్నప్పుడు చకారం తరువాత వచ్చేది అచ్చమైన ఆకారం కాదు, ఏకారమూ కాదు. రెంటికీ నడుమ, ఇంగ్లీషు 'బ్యాట్'లో వినిపించేటటువంటి అచ్చు, దీర్ఘంగా. మన లిపిలో దానికి గుర్తు లేదు. అందుకే కొందరు 'వచ్చాడు' అనీ, కొందరు 'వచ్చేడు' అనీ రాస్తారు. పాత పుస్తకాలు తిరగేస్తే రెండూ కనిపిస్తాయి. 'వచ్చినాడు'లోని ఇకారం పోతూ పోతూ తన రంగును పక్క అచ్చుకు అంటించి పోయింది. మన ఇళ్లలో 'వచ్చినాడు' అంటాము గనుక మనకు ఆ నడిమి అచ్చు అక్కడ అవసరం పడలేదు. ఈ అమ్మాయి 'వచ్చాడు' అన్న రూపాన్ని అమ్మ నోట వినలేదు, పుస్తకంలో చదివింది. పుస్తకంలో ఆకారం ఉంది. ఆమె ఆకారమే పలికింది.

దీన్ని యంత్రం ఎలా చూపుతుంది? బావిగట్టున బిందె నింపేటప్పుడు నీరు పైకి వచ్చేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది కదా. లోపలి ఖాళీ తగ్గితే మోత హెచ్చు స్థాయికి పోతుంది. నోరు కూడా అటువంటి బిందే. నాలుక ముందుకు జరిగితే దానికి ముందున్న ఖాళీ తగ్గుతుంది, ఆ ఖాళీ ఇచ్చే అనునాదం పైకి పోతుంది. తెరమీద ఆ అనునాదాలు నల్లని పట్టీల్లా కనిపిస్తాయి. కోస్తావాసి అయిన ఒక మిత్రుడి 'వచ్చాడు'లో రెండవ పట్టీ పైన ఉంది. ఈ అమ్మాయి 'వచ్చాడు'లో కింద ఉంది, ఆమె 'పాట'లో ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ఉంది. అచ్చువేసిన అక్షరాన్ని అచ్చంగా పలకడమే ఆమె చేసిన దోషం.

ఆ రోజు ఆమెకు తెరమీద ఆ రెండు పట్టీలూ చూపించాను. చాలాసేపు చూసింది. "ఇంతేనా అన్నా?" అంది. దానికి నేనేమి చెప్పగలను.

ఇక మా ఇంటి సంగతి. రూస్లో తన ఇంటినుంచి మొదలుపెట్టాడు గనుక నేనూ ఆ సాహసం చేశాను.

మా అమ్మాయి ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతోంది, బడిలో రెండో భాష తమిళం. ఒకనాడు వాళ్ల అవ్వతో, "అవ్వా, నువ్వు చాపను తప్పుగా పలుకుతున్నావు" అంది. పిల్ల చెవికి తోచింది చెప్పింది. మా అమ్మ నవ్వి ఊరుకుంది. మరునాటినుంచి మనవరాలి ముందు 'చాప' అనడం మానేసి 'పడక' అనడం మొదలుపెట్టింది. ఈ మార్పును నేను గమనించడానికి వారం పట్టింది. డెబ్బయ్యేళ్లు వాడిన మాటను ఒక పిల్ల దిద్దితే నోటనుంచి తీసి పక్కన పెట్టేసింది.

మన తెలుగులో చకారాలు రెండు. 'చేప', 'చీమ' అన్నప్పుడు పలికేది తాలవ్యం, నాలుక అంగిలిని తాకుతుంది. 'చాప', 'చూపు' అన్నప్పుడు పలికేది దంత్యం, నాలుక పళ్ల మొదళ్లకు వస్తుంది. అదే 'చక్రం' అన్నప్పుడు, సంస్కృతంనుంచి వచ్చిన మాట గనుక, మళ్లీ తాలవ్యమే. జకారమూ అంతే. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ రెండు రకాలనూ గుర్తించింది. పాత నిఘంటువుల్లో దంత్యానికి అక్షరంమీద చిన్న గుర్తు వేసి ౘ, ౙ అని అచ్చువేసేవారు. 2008లో ఈ రెండు అక్షరాలకూ యూనికోడ్‌లో చోటు దొరికింది. బడిపుస్తకాల్లో మాత్రం గుర్తు లేదు. నోటినుంచి నోటికి వస్తేనే తప్ప ఆ తేడా పిల్లకు అందే దారి లేదు. తమిళంలో ఆ దంత్య చకారం లేదు, కన్నడంలో లేదు, ఇంగ్లీషు బడిలో లేదు. మా పిల్ల దాన్ని ఎక్కడ వింటుంది? వాళ్ల అవ్వ దగ్గర వింటుంది, మా ఇంట్లో మరొకచోట వినదు. ఎందుకంటే ఇంట్లో నేను ఎలా పలుకుతున్నానో అప్పటిదాకా నాకే తెలియదు.

ముగ్గురినీ కూర్చోబెట్టాను. 'నేను చాప అన్నాను', 'నేను చేప అన్నాను' అని ఒక్కొక్కరిచేత ఐదేసి సార్లు చెప్పించాను. మాటను ఒకే వాక్యంలో పెట్టి చెప్పించడం ఈ శాస్త్రంలో రివాజు. లేకపోతే ఒక మాటను సాగదీసి, మరొకదాన్ని తేల్చేస్తాము. మా అమ్మకు ఇదంతా తమాషాగా ఉంది. "చాపను చాప అనక మంచం అంటారా? నా నోట్లో ఏముందని బొమ్మ తీస్తావురా?" అని అడుగుతూనే ఉంది. ఆ మాటలు కూడా రికార్డయినాయి.

తెరమీద ఇలా కనిపించింది. చకారంలో మొదట ఒక చిన్న మౌనం ఉంటుంది, నాలుక గాలిని ఆపిన క్షణం. తరువాత బుస్సుమనే గాలిచప్పుడు. మా అమ్మ 'చాప'లో ఆ గాలిచప్పుడు చాలా పైన, సుమారు 4000 హెర్ట్జ్‌కు పైభాగంలో చిక్కగా ఉంది. 'చేప'లో కిందికి దిగి వచ్చింది. రెండూ రెండు వేరు బొమ్మలు, ఐదుసార్లలో ఒక్కసారి కూడా కలగలవలేదు. మా అమ్మాయివి పదీ ఒకే బొమ్మ, పదీ తాలవ్యమే. నావి? ఐదు 'చాప'లలో మూడు మా అమ్మవి, రెండు మా అమ్మాయివి. కోర్టులో మూడు భాషల్లో వాదించి వచ్చిన నాలుక అది. పొలం పనికి వచ్చే మా పెద్దమనిషిచేత చెప్పిస్తే ఆయనది మరొక దారి. మొదటి మౌనమే లేదు, అంటే అది 'సాప' అయిపోయింది. ఒకే వీధి, నాలుగు నోళ్లు.

ఇందులో ఎవరిది దోషం? బొమ్మలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఆ ప్రశ్నే అర్థం లేనిదిగా కనిపించింది. యంత్రం తేడా చూపుతుంది, మార్కులు వేయదు. మార్కులు వేసేది మనమే. అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా అమ్మ నోట ఉన్న ఒక భేదం మా పిల్ల నోట లేదు. నష్టమన్నది ఉంటే అది అక్కడ ఉంది. షోలాపూరులో స్థిరపడిన మన నేతపనివారి పిల్లలకు ఈ చిక్కు లేదు. మరాఠీలో రెండు చకారాలూ ఉన్నాయి గనుక వీధిలో కూడా వారికి ఆ ధ్వని వినిపిస్తుంది. ఏ ఎల్లన ఉన్న తెలుగు ఏ ధ్వనిని నిలుపుకుంటుందో, దేన్ని జారవిడుస్తుందో పొరుగు భాష కొంత నిర్ణయిస్తుంది. 'కోడి'ని తీసుకోండి. తమిళుడు దాన్ని ఴకారంతో అంటాడు, కన్నడిగుడు 'కోళి' అంటాడు, మనం 'కోడి' అంటాము. 'ఏడు'కూ అదే వరస. ఒకే పాత ధ్వని మూడు ఇళ్లలో మూడు రూపాలు దాల్చింది. ఆ మూడు ఇళ్లనూ రోజూ దాటుకుంటూ పోయే పిల్లకు చెవి పదునెక్కుతుందే గాని మొద్దుబారదు.

పొరుగు భాషలతో పోల్చి కొలిచిన పనులు రెండు చెబుతాను. లీ లిస్కర్ అనే అమెరికా పండితుడు తెలుగు నేర్చి, 1963లో అమెరికా విద్యార్థులకోసం వ్యావహారిక తెలుగు పాఠ్యపుస్తకం రాశాడు. ఆయన, ఆర్థర్ ఏబ్రమ్‌సన్ కలిసి 1964లో పదకొండు భాషల్లో మాట మొదటి పరుషాలనూ సరళాలనూ కొలిచారు. పెదవులు విడిన క్షణానికీ గొంతు కంపించడం మొదలైన క్షణానికీ నడుమ ఎంత కాలం? తమిళ పకారంలో సగటున 12 మిల్లీసెకన్లు, అమెరికా ఇంగ్లీషులో 58. అందుకే దొర పలికిన 'ప' మన చెవికి 'ఫ'లా తోస్తుంది. గొంతు ముందే కంపిస్తే అది 'బ'. 'కాలి', 'గాలి' నడుమ ఉన్న తేడా కూడా ఇటువంటి కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారమే. తమిళ లిపిలో ఆ రెంటికీ ఒకే అక్షరం. తమిళ బడిలో చదివిన మన పిల్లవాడు తెలుగు మాటను తమిళ లిపిలో రాసుకుంటే ఆ భేదం కాగితంమీద మాయమవుతుంది, నోట మాత్రం ఉంటుంది. కాగితం చూసి 'వీడికి గకారం రాదు' అని తీర్మానించకూడదు.

రెండవది 1983 నాటిది. పీటర్ లాడిఫోగెడ్, మన పేరి భాస్కరరావు గారు కలిసి టకారాన్ని పలికే నోళ్లను ఎక్స్-రే ద్వారా చూశారు. హిందీవారి నాలుక కొన పైకి లేచి పళ్లవెనుక గట్టుకు కాస్త వెనకగా తాకుతుంది. తెలుగు, తమిళం మాట్లాడేవారి నాలుక ఇంకా వెనక్కు మడతపడి, దాని అడుగుభాగం అంగిలిని తాకుతుంది. మూడు భాషలూ 'ట'గా వినే అక్షరంలో నాలుక చేసే పని ఇంత వేరు. హిందీ మాట్లాడేచోట పెరిగిన మన పిల్లవాడి 'ట' కాస్త ముందుకు జరిగితే ఆకాశం ఊడిపడదు.

ఈ చెవి ఎప్పుడు తయారవుతుంది? ఇల్లాళ్లు ఎక్కువగా వచ్చిన ఈ సభలో ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో పసిపిల్లలమీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని తకార టకారాల తేడాను పట్టుకున్నారు. వారి తల్లిదండ్రుల ఈడువారికి అది చేతకాలేదు. సంవత్సరం నిండే వేళకు ఆ పిల్లలకూ ఆ శక్తి బాగా తగ్గిపోయింది. చుట్టూ వినిపించని తేడాను చెవి వదిలేస్తుంది. అంటే అక్షరాభ్యాసానికి చాలా ముందే, ఉయ్యాలలోనే పిల్ల చెవి తన భాషను ఎంచుకుంటోంది.

న్యాయవాదిగా నాకు ఇక్కడ మరొక సంగతి తట్టింది. మన జనగణనలో మాతృభాషకు ఇచ్చిన నిర్వచనం ఇదే: బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, బాల్యంలో ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. బడిభాష కాదు, రాష్ట్రభాష కాదు, 'శుద్ధంగా' మాట్లాడగల భాష అసలే కాదు. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంటుంది. అందులోనూ మాతృభాష అనే మాటకు ముందు ఏ విశేషణమూ లేదు. అయినా, "మాది మంచి తెలుగు కాదు సార్, కలగాపులగం" అని లెక్కలవారితో చెప్పి, వేరే భాష పేరు రాయించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఉచ్చారణ దోషమన్న మాట అక్కడిదాకా పాకింది. 2027 జనగణనకు 2025 జూన్ 16న ప్రకటన వెలువడింది. మీ ఇంటి గడప దగ్గర అడిగే ప్రశ్న భాష పేరు గురించే, యాస గురించి కాదు. గ్రియర్సన్ భాషాసర్వే 1906 నాటి సంపుటంలో వడరి, కామాఠి, గోలరి వంటి పేర్లతో నమోదైన పలుకుబళ్లు తెలుగులోని మాండలికాలే. వడరిని 2011 జనగణన కూడా తెలుగు కిందనే చూపింది.

యంత్రాలను ఇంతగా చెప్పాను గనుక, యంత్రం లేకుండా చెవితోనే ఈ పని చేసిన మనవాడిని తలచుకోకపోతే తప్పు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి, కొండలమీది సవరల భాష నేర్చారు. లిపిలేని ఆ భాషలోని ధ్వనులను ఒక్కొక్కటిగా గుర్తించి, వాటికి శాస్త్రీయమైన గుర్తులు పెట్టి రాశారు. 1931లో ఆయన సవర భాషాగ్రంథం, తరువాత నిఘంటువు వెలువడ్డాయి. కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైన్ మింగి మింగి ఆయనకు వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను పట్టుకోవడానికి వెళ్లిన మనిషి చెవులు అక్కడ పోగొట్టుకున్నాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. మనం ఆయనను వ్యావహారిక భాషోద్యమానికే తలచుకుంటాము. నావరకు నాకు, తమ భాష మొరటుదని లోకం తీసిపారేసిన సవరల ఎదుట కూర్చుని, "మళ్లీ ఒకసారి చెప్పు" అని అడిగిన ఆ ఓపికే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంతకూ పలుకును బట్టి మనిషిని తోసివేయడం మన దగ్గరే ఉందా? అమెరికాలో జాన్ బా అనే నల్లజాతి భాషావేత్తకు మూడు రకాల ఇంగ్లీషు యాసలు సహజంగా వచ్చు. సాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో అద్దె ఇళ్ల ప్రకటనలు చూసి, ఒకే ఇంటికి వేర్వేరు సమయాల్లో మూడు యాసల్లోనూ ఫోను చేశాడు. అడిగిన మాటలు ఒకటే. తెల్లవారు ఎక్కువగా ఉన్న పేటల్లో నల్లవారి యాసకూ మెక్సికో మూలాలవారి యాసకూ 'వచ్చి ఇల్లు చూడండి' అన్న జవాబులు బాగా తక్కువ వచ్చాయి. ఆయన, మరి ఇద్దరు కలిసి 1999లో దీన్ని ప్రకటించారు. అందులో మరొక ప్రయోగం ఉంది. 'హలో' అన్న ఒక్క మాట వినిపించి యాస ఏదో చెప్పమంటే వినేవారు నూటికి 70 సార్ల దాకా సరిగా చెప్పారు. అంటే తలుపు మూయడానికి అర సెకను చాలు. మన అమ్మాయికి మూడు వాక్యాల వ్యవధి ఇచ్చారు, అది నయమే.

శాస్త్రాన్ని కూడా గుడ్డిగా నమ్మమని నేననను. ఆశ్రయం కోరి వచ్చిన శరణార్థులు నిజంగా తాము చెప్పిన దేశంవారేనా అని తేల్చడానికి కొన్ని దేశాల ప్రభుత్వాలు వారి మాటలు రికార్డు చేసి పరీక్షింపజేస్తూ వచ్చాయి. 2004లో కొందరు భాషావేత్తలు దీనికి మార్గదర్శక సూత్రాలు రాశారు. మనిషి ఏ సమాజంలో పెరిగాడో పలుకు చెప్పగలదు గాని, ఏ దేశపు పౌరుడో చెప్పలేదని, అర్హులైన భాషావేత్తలే ఈ పరీక్ష చేయాలని వారు హెచ్చరించారు. ఈ హెచ్చరిక ఎల్లలమీద బతికేవారికి వెంటనే అర్థమవుతుంది. రాష్ట్రాల నడుమ గీసిన గీత మన నాలుకలమీద ఎక్కడా కనిపించదు. మన దేశంలో కూడా 2019లో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు, దర్యాప్తు కోసం గొంతు నమూనా ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చునని తీర్పు చెప్పింది. గొంతు ఇప్పుడు సాక్ష్యం. కాబట్టి మీ పెద్దల గొంతును ఎవరు, ఎందుకు రికార్డు చేసుకుంటున్నారో అడిగే హక్కు మీకుంది. అడగండి.

ఆ అమ్మాయి విషయం చెప్పి ముగిస్తాను. వ్యాజ్యం వేద్దామని నేను బలవంతపెట్టాను. మంచి కేసు, గెలిచే కేసు అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అన్నా, అక్కడ కూడా నలుగురిలో నిలబడి మళ్లీ చదవమంటారు. నా గొంతును రెండోసారి విచారణకు పెట్టలేను" అంది. ఆ మాటకు నావద్ద జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మన పల్లెలోనే ఒక చిన్న బడిలో తెలుగు చెబుతోంది. 'వచ్చాడు' అన్న మాట పాఠంలో వచ్చినప్పుడు పిల్లలకు మూడు రకాలుగా పలికి చూపిస్తుందట: వాళ్ల అమ్మలాగా, పుస్తకంలాగా, కోస్తావారిలాగా. పిల్లలకు మూడోది పలకడం మహా సరదా అట.

మా ఇంట్లో 'చాప' తిరిగి వచ్చింది. తెరమీద రెండు బొమ్మలూ చూపించి, అవ్వ నోట రెండు చకారాలున్నాయి, నీకు ఒకటే ఉంది అని చెప్పినప్పుడు మా అమ్మాయికి పౌరుషం వచ్చింది. ఇప్పుడు రోజూ అవ్వ ఎదుట కూర్చుని సాధన చేస్తోంది. ఇంకా కుదరలేదు.

సభ ముగిశాక ఎవరూ తొందరపడి వెళ్లవద్దు. పక్కగదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, రికార్డరు పెట్టాము. కాస్త ఉక్కగా ఉంటుంది, ఓర్చుకోవాలి. అరవై దాటిన పెద్దలు, వీలైతే మనవళ్లను వెంటబెట్టుకుని రండి. చాప, చేప, కాలి, గాలి, కోడి, ఏడు, నీళ్లు, పాలు, వచ్చినాడు. ఒక్కొక్క మాట మూడేసి సార్లు, మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే. ఆ తరువాత మీ ఇష్టం వచ్చిన కథో, మీ ఊరి సంగతో రెండు నిమిషాలు. ముందుగా సమ్మతిపత్రం ఉంది, పెద్ద అక్షరాల్లో వేయించాను. చదివి, అర్థమయ్యాకనే సంతకమో వేలిముద్రో వేయండి. చదవలేనివారికి చదివి వినిపిస్తారు. వద్దనుకుంటే ఎప్పుడైనా మీ రికార్డును తీసివేయించుకోవచ్చు. మా అమ్మ కూడా వచ్చింది, మొదటి కుర్చీలో ఆమే కూర్చుంటుంది. ఆమెకు రెండు నిమిషాలని చెప్పి ఉన్నాను, ఆపే బాధ్యత మాత్రం మీలో ఎవరైనా తీసుకోవాలి.